విరిగిన బాణాన్ని అతికిన చెయ్యి: భక్త కన్నప్ప జీవితం

ఓం నమః శివాయ.

కన్నప్ప కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. 1976లో బాపు గారు తీసిన సినిమా చూసినవాళ్ళు ఉన్నారు, హరికథల్లో విన్నవాళ్ళు ఉన్నారు, అమ్మమ్మ నోట విన్నవాళ్ళు ఇంకా ఎక్కువ ఉన్నారు. అందరికీ గుర్తుండేది చివరి ఘట్టం. శివలింగం కంట రక్తం కారడం, వేటగాడు తన కన్ను తీసి పెట్టడం. అయితే ఆ కన్ను తీసింది దేనితో? బాణంతో. ఆ బాణం గురించి మాత్రం మనం ఆగి ఆలోచించం.

ఈ రోజు ఆ బాణం వైపు నుంచి కన్నప్ప జీవితం చెప్పుకుందాం. అట్లా చూస్తే ఆయన చేసిన పూజ కూడా కొత్తగా అర్థమవుతుంది.

ఉడుమూరు పిల్లవాడు

పొత్తపినాడు అంటే ఇప్పటి కడప, రాజంపేట వైపు ప్రాంతం. అక్కడ ఉడుమూరు అనే బోయపల్లె. తమిళంలో శేక్కిళార్ 12వ శతాబ్దంలో రాసిన పెరియ పురాణం ప్రకారం ఆ పల్లె దొర పేరు నాగడు, ఆయన భార్య తత్త. చాలాకాలం పిల్లలు లేరు. సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంటే ఒక మగపిల్లవాడు పుట్టాడు. ఎత్తుకుంటే చేతికి బరువుగా, గట్టిగా ఉన్నాడని తిన్నడు అని పేరు పెట్టారు. అరవైముగ్గురు నాయనార్లలో ఒకరైన కన్నప్ప నాయనారు ఈ తిన్నడే.

మన తెలుగులోనూ ఈ కథకు పెద్ద చరిత్ర ఉంది. జనగామ దగ్గరి పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలోనే బసవపురాణంలో ఉడుమూరి కన్నప్ప కథ చెప్పాడు. తర్వాత 16వ శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడి కథను విస్తారంగా రాశాడు. ఆదిశంకరుల పేరున ఉన్న శివానందలహరిలో కూడా ఈ అడవి భక్తుడి ప్రస్తావన వస్తుంది. ఊరు ఏదైనా, భాష ఏదైనా, కథ ఒక్కటే.

తిన్నడికి విల్లు పట్టే వయసు రాగానే తండ్రి మంచిరోజు చూసి పల్లె అంతటికీ పండగ చేశాడు. వయసు మళ్ళిన విలుకాళ్ళు వచ్చి పిల్లవాడి చేతికి విల్లు ఇచ్చారు. అప్పటినుంచి రోజూ సాధనే.

గురి కుదిరేకొద్దీ బాణాలు విరుగుతాయి

కావ్యాలు ఈ సాధన దగ్గర ఎక్కువసేపు ఆగవు. పిల్లవాడు గొప్ప విలుకాడు అయ్యాడని చెప్పి ముందుకు పోతాయి. కానీ కర్రతో చేత్తో చేసిన బాణాలతో నేర్చుకోవడం అంటే ఏమిటో తెలిస్తే ఆ నాలుగు మాటల వెనక ఎన్నేళ్ళ పని ఉందో అర్థమవుతుంది. దీనికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. మన పాలమూరు వైపు అచ్చంపేట దాటితే అమ్రాబాద్ గుట్టలు, నల్లమల. అక్కడి చెంచులు తరతరాలుగా విల్లు, బాణం పట్టినవాళ్ళు. 1940 ప్రాంతంలో హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు నిజాం రాజ్యంలోని ఆ గుట్టల మీద వాళ్ళతో ఉండి, 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. విల్లంబులు, గడ్డలు తవ్వే కర్ర, గొడ్డలి, తేనె తీసే తాళ్ళు. చెంచు ఇంటి ఆస్తి ఇంచుమించు ఇంతే.

బాణంలో నాలుగు భాగాలు. మధ్యలో కాడ. ముందు ఇనుప ములికి. వెనక ఈకలు. చిట్టచివర వింటినారి ఇరికే గాడి. కాడ అడవిలో దొరుకుతుంది, ఈకలు అడవిలో దొరుకుతాయి. ఇనుము మాత్రం దొరకదు. తేనెనో, ఇతర అడవి సరుకునో కిందికి తీసుకుపోయి, పల్లెల్లో మార్చుకొని తెచ్చుకోవాలి. అందుకే కాడ విరిగితే బాధపడరు కానీ ములికి పోతే పొదలన్నీ వెతుకుతారు.

ఇక బాణం ఎట్లా పాడవుతుంది? పాలమూరు, నల్లగొండ నేల మీకు తెలుసు. ఎటు చూసినా గుండ్లు, పరుపుబండలు. గురి తప్పిన బాణం రాతికి తగిలితే ములికి వెనకాల, కాడ సన్నగా ఉన్న చోట విరుగుతుంది. పొదలోంచి దూసుకుపోతే ఈకలు చీరుకుపోతాయి. వానలో తడిస్తే, ఎండలో పడేస్తే కాడ వంగుతుంది. ఎక్కువసార్లు వేస్తే నారి దెబ్బకు వెనక గాడి చీలుతుంది.

ఇంకొక విచిత్రం ఉంది. కొత్తవాడి బాణాలు తలా ఒక దిక్కు పోతాయి కాబట్టి ఒకదానికొకటి తగలవు. గురి కుదిరినవాడి బాణాలు అన్నీ ఒక్కచోటే దిగుతాయి. అప్పుడు వెనక వచ్చిన బాణం ముందు దిగిన బాణం గాడికి తగిలి దాన్ని నిలువునా చీల్చేస్తుంది. అంటే గురి బాగా కుదిరేకొద్దీ తన బాణాలను తానే విరగ్గొట్టుకుంటాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కథలో ముందుకు పోయాక మళ్ళీ పనికి వస్తుంది.

అతకడం కూడా విద్యే

బాణాలు విరిగిన ప్రతిసారీ కొత్తవి చేసుకుంటూ పోతే సాధన సాగదు. అందుకే విలుకాడికి సగం విద్య వేయడం, సగం విద్య బాగుచేయడం.

ముందు చూడటం నేర్చుకోవాలి. వేసిన ప్రతి బాణాన్ని తిరిగి తెచ్చి, రెండు చేతులా పట్టుకొని, మెల్లగా వంచి, తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుంటారు. లోపల సన్నగా చిటుక్కుమంటే పగులు ఉన్నట్టు. కంటికి కనపడని పగులే ప్రమాదం. వింటినారి వెనకనుంచి ఒక్కసారిగా తోసినప్పుడు కాడ మధ్యలో వంగుతుంది. పగులు ఉన్న కాడ అక్కడే ముక్కలై, విల్లు పట్టిన చేతిలోకి దిగుతుంది. పగిలిన బాణం ఎదుటి జంతువుకంటే ముందు వేసినవాడికే గాయం చేస్తుంది.

వంగిన కాడను నిప్పుల సెగ మీద తిప్పుతూ వేడి చేసి, వంపుకు ఎదురుగా వంచి, చల్లారేదాకా అట్లాగే పట్టుకుంటారు. తొందరపడి మంటలో పెడితే మాడి పెళుసవుతుంది. ఊడిన ఈకను కొత్త ఈకతో, నారతో మళ్ళీ కట్టుకుంటారు. చీలబోతున్న గాడి కింద గట్టిగా దారం చుడితే చీలిక అక్కడే ఆగుతుంది.

ములికి దగ్గర విరిగితే పని పెద్దది. విరిగిన కొసను ఏటవాలుగా చెక్కాలి. అతికే ముక్కను కూడా అంతే వాలుగా చెక్కాలి. రెండు వాలులూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. బంకో లక్కో పెట్టి, పైన నారతో వరసగా, బిగువుగా చుట్టాలి. ఇక్కడ ఒక నియమం. అతికే ముక్క పాత కర్రకు సరిపడేది అయి ఉండాలి. పచ్చి కర్ర ముక్క పెడితే ఆరాక కుంచించుకొని వదులవుతుంది. మరీ బరువైన ముక్క పెడితే బాణం నడక మారిపోతుంది. కర్రకు దానికి తగిన కర్రే మందు.

బాగుచేసిన బాణం కొంచెం పొట్టిదవుతుంది, కొంచెం బరువు మారుతుంది. దాన్ని వేటకు కాకుండా సాధనకు పెట్టుకోవచ్చు, లేకపోతే చిన్నపిల్లల విల్లుకు ఇవ్వచ్చు. మరీ పనికిరానిదాని ములికి ఊడదీసి కొత్త కాడకు ఎక్కించుకోవచ్చు. ఏదీ వృథా పోదు.

తిన్నడు పెరిగింది ఇట్లాంటి చేతుల మధ్య. ఆయన చదువు లేనివాడని కథల్లో అంటారు. అక్షరం చదవలేదు, నిజమే. కానీ గాయం ఎక్కడుందో చూడటం, దానికి తగినదే తెచ్చి అతకడం, బాగయ్యేదాకా చెయ్యి తియ్యకపోవడం, ఇవన్నీ విల్లు పట్టే ఇంట్లో పిల్లవాడికి ఉగ్గుపాలతో వచ్చే చదువు.

పంది వెనక పరుగు, కొండ మీద దర్శనం

తిన్నడికి 16 ఏళ్ళు వచ్చేసరికి నాగడు ముసలివాడయ్యాడు. దొరతనం కొడుక్కి అప్పగించాడు. తిన్నడు మొదటిసారి దొరగా వేటకు బయల్దేరాడు. వలలు తెంచుకొని ఒక పెద్ద అడవిపంది పారిపోయింది. అందరూ వెనకబడిపోయారు. తిన్నడు, నాణుడు, కాడుడు అనే ఇద్దరు నేస్తగాళ్ళు మాత్రం వదలకుండా తరిమారు. చివరికి ఒక చెట్టు నీడన పంది అలిసి నిలబడితే తిన్నడు కత్తితో దాన్ని కూల్చాడు.

దాహం వేసింది. దగ్గర్లోనే స్వర్ణముఖి నది ఉంది. నది అవతల ఒక కొండ కనిపించింది. అదే కాళహస్తి. కొండను చూడగానే తిన్నడికి ఒళ్ళంతా ఏదో తేలికైనట్టు అనిపించింది. పైన దేవుడు ఉన్నాడని నాణుడు చెప్పాడు. కాడుడికి నిప్పు రాజేసే పని చెప్పి, మిగిలిన ఇద్దరూ కొండ ఎక్కారు.

లింగాన్ని చూసిన క్షణంలో తిన్నడు మారిపోయాడు. పరుగెత్తి కౌగిలించుకున్నాడు. అయ్యో, ఈ అడవిలో పులులు, ఏనుగులు తిరిగే చోట ఒంటరిగా ఉన్నావా, తోడెవరూ లేరా, తిండి ఎవరు పెడతారు అని ఆయన బెంగ. లింగం మీద నీళ్ళు, ఆకులు, పూలు కనిపించాయి. ఒక పూజారి వచ్చి ఇట్లా చేస్తుండడం తాను ఇంతకుముందు చూశానని నాణుడు చెప్పాడు. అయితే నేనూ చేస్తాను అనుకున్నాడు తిన్నడు.

కిందికి వచ్చి మాంసం కోసి, నిప్పుల మీద కాల్చి, మెత్తగా కాలిందా లేదా అని ఒక్కొక్క ముక్కా కొరికి చూశాడు. బాగున్నవి ఆకు దొన్నెలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ ఖాళీ లేవు. అందుకని నీళ్ళు నోట్లో పట్టాడు, పూలు జుట్టులో పెట్టుకున్నాడు. కొండెక్కి చెప్పుకాలితో పాత పూలు పక్కకు జరిపి, నోటి నీళ్ళతో అభిషేకం చేసి, పూలు తల మీదనుంచి వేసి, మాంసం నైవేద్యం పెట్టాడు. రాత్రంతా విల్లు ఎక్కుపెట్టి కాపలా కాశాడు. నేస్తగాళ్ళు పిలిచినా రాలేదు. తల్లిదండ్రులు వచ్చి బతిమాలినా కదల్లేదు.

ఒకే గురి, రెండు బాణాలు

పొద్దున తిన్నడు వేటకు పోగానే పూజారి శివగోచార్యులు వచ్చారు. ఆగమం తెలిసినవారు, నిష్ఠగా పూజ చేసే మనిషి. గర్భగుడిలో ఎముకలు, మాంసం ముక్కలు చూసి గుండె బద్దలైంది. ఏడ్చారు. అంతా శుభ్రం చేసి, నదిలో స్నానం చేసి వచ్చి, మళ్ళీ మొదటినుంచి పూజ చేసి వెళ్ళారు. సాయంత్రం తిన్నడు వచ్చి ఆ పూలన్నీ తీసేసి తన పూజ చేశాడు. మర్నాడు ఆయన మళ్ళీ కడిగారు.

ఇట్లా 5 రోజులు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడ పనికి వస్తుంది. ఒకే గురి మీద వేసిన రెండు బాణాల్లాంటివాళ్ళు వీళ్ళిద్దరూ. ఇద్దరి గురీ తప్పలేదు. ఇద్దరూ శివుడి దగ్గరికే చేరారు. చేరారు కాబట్టే ఒకరి పూజను ఒకరు చీల్చుకుంటున్నారు. భక్తి లేనివాళ్ళ మధ్య ఈ గొడవ రాదు. మన ఇళ్ళల్లో, మన ఊరి గుళ్ళల్లో కూడా చూడండి. ఎట్లా మొక్కాలి, ఏది నైవేద్యం, ఎవరు లోపలికి రావాలి అని తగాదా పడేది దేవుడంటే ప్రాణం పెట్టేవాళ్ళే.

శివగోచార్యులు ఆ రాత్రి శివుడికే మొరపెట్టుకున్నారు. స్వామి కలలో కనపడి, ఆ వేటగాడి ప్రేమ ఎట్లాంటిదో రేపు చాటున ఉండి చూడమని సెలవిచ్చాడు. శివుడు ఇద్దరిలో ఎవరినీ తోసెయ్యలేదు. పూజారిని కోప్పడలేదు, వేటగాడిని పంపెయ్యలేదు. విరిగినచోట అతకడానికి ముందు చూడటం నేర్పించాడు.

కంటికి కన్ను

6వ రోజు. తిన్నడు మాంసం, పూలు, నీళ్ళు పట్టుకొని వేగంగా వస్తున్నాడు. శకునాలు బాగాలేవు. లోపలికి వచ్చి చూస్తే లింగం కుడికంట రక్తం కారుతోంది. నోట్లో నీళ్ళు ఒలికిపోయాయి. చేతిలో మాంసం, విల్లు, బాణాలు నేల మీద పడ్డాయి. తనూ పడిపోయాడు.

లేచాక ఏం చేశాడో వరసగా చూడండి.

మొదట బాణం తీసుకొని శత్రువు కోసం వెతికాడు. మనిషి లేడు, మృగం లేదు. ఇది బాణంతో తీరే పని కాదని అర్థమైంది. విల్లు పక్కన పెట్టేశాడు. రెండోది, అడవిలోకి పరుగెత్తి తనకు తెలిసిన ఆకులన్నీ తెచ్చి పసరు పిండాడు. గాయాలకు వేటగాళ్ళు వాడేవే అవి. రక్తం ఆగలేదు. మూడోది, కూర్చుని ఆలోచించాడు. మాంసం పోయిన చోట మాంసమే మందు అనే పెద్దల మాట గుర్తొచ్చింది.

విరిగిన కాడకు దానికి తగిన కర్రే అతుకు అని ఇందాక చెప్పుకున్నాం కదా. తిన్నడికి వచ్చింది అదే ఆలోచన. కంటికి కన్నే అతుకు. పచ్చి ముక్క, పరాయి ముక్క పనికిరాదు. సరిపడేది తన దగ్గరే ఉంది.

పక్కన పెట్టిన బాణాన్ని మళ్ళీ తీశాడు. ఇన్నేళ్ళూ ఎదుటివైపు తిప్పిన ములికిని మొదటిసారి తనవైపు తిప్పుకున్నాడు. కన్ను తీసి స్వామి కంటి మీద పెట్టాడు. రక్తం ఆగింది. బాధ అనిపించలేదు సరికదా, ఆనందంతో గంతులేశాడట.

ఇంతలో ఎడమకంట రక్తం మొదలైంది. తిన్నడు ఈసారి భయపడలేదు. మందు తెలిసిపోయింది. కానీ రెండో కన్ను తీస్తే చూపు ఉండదు, ఎక్కడ పెట్టాలో తెలియదు. అందుకని గుర్తు కోసం ఎడమకాలు స్వామి కంటి దగ్గర ఆనించి, బాణం ఎత్తాడు. ఎంత భక్తిలో మునిగి ఉన్నా పని చేసే మనిషి బుద్ధి అది. చెయ్యబోయే పనికి ముందే గుర్తు పెట్టుకుంటాడు.

అప్పుడు లింగంలోంచి శివుడి చెయ్యి వచ్చి ఆ చేతిని పట్టుకుంది. ఆగమని ముమ్మారు పిలిచి, కన్నప్ప అనే పేరు ఇచ్చి, తన కుడిపక్కన చోటు ఇచ్చాడు. చాటున నిలబడి శివగోచార్యులు ఇదంతా చూశారు. 5 రోజులు కడిగిన మైల ఏమిటో, కడగకుండా వదిలిపెట్టిన ప్రేమ ఏమిటో ఆయనకు ఆ రోజు కనిపించింది.

మన గుట్టల్లో కన్నప్ప

శ్రీకాళహస్తిలో ఇప్పటికీ మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలు మొదలయ్యేది కన్నప్ప కొండ మీదే. ముందు భక్త కన్నప్పకు ధ్వజారోహణం జరుగుతుంది, ఆ తర్వాతే స్వామివారి ధ్వజం ఎగురుతుంది. భక్తుడి తర్వాతే భగవంతుడు.

మన వైపు గద్వాల, అలంపురం ప్రాంతాల బోయలు కన్నప్పను తమవాడిగా కొలుస్తారు. శ్రీశైలం గుడి ప్రాకారం రాళ్ళ మీద వేట బొమ్మలు, భక్తుల కథలు చెక్కి ఉంటాయి. వాటిలో కన్నప్ప కూడా ఉన్నాడు. ఈసారి పోయినప్పుడు దర్శనం అయ్యాక ఒక్క అరగంట ప్రాకారం చుట్టూ తిరిగి వెతకండి, పిల్లలకు చూపించండి.

ఆ శ్రీశైలానికి ఉత్తర ద్వారం మన అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. అక్కడినుంచి నల్లమల లోపలికి పోతే చెంచు పెంటలు. మల్లన్నను వాళ్ళు చెంచు మల్లయ్య అంటారు, తమ ఇంటి అల్లుడు అని చెప్పుకుంటారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు పోయినవాళ్ళకు తెలుసు, లోయలో గుహలో ఉన్న ఆ లింగమయ్యకు పూజ చేసేది చెంచులే. అక్కడ కన్నప్ప, శివగోచార్యులు ఇద్దరూ ఒక్క మనిషిలోనే ఉంటారు.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత వేట నేరమైంది. అడవి పులుల అభయారణ్యమైంది. అడవి బతకాలి, పులి బతకాలి, అందులో రెండో మాట లేదు. ఆ అడవిని కాపాడే పనిలో, పులి జాడలు పట్టే పనిలో చెంచులే ఉన్నారు కూడా. కానీ వేటతో పాటు విల్లు పట్టే అవసరం కూడా తగ్గింది. సెగ మీద కాడ తిన్నగా చేసే చెయ్యి, పగులును చెవితో పట్టే చెయ్యి ముసలివాళ్ళ దగ్గరే మిగులుతున్నాయి. బాణం విరిగితే అతకవచ్చు. అతికే విద్య తెగిపోతే దాన్ని అతకడానికి తగిన ముక్క ఎక్కడనుంచి తేవాలి?

అందుకని సలేశ్వరం పోయినప్పుడు, శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర ఆగినప్పుడు చెంచు పెద్దలు కనబడితే ఫోటో తీసుకొని వచ్చెయ్యకండి. వాళ్ళకు తీరిక ఉంటే పక్కన కూర్చోండి. విల్లు ఎట్లా కడతారో, బాణం ఎట్లా సరిచేస్తారో అడగండి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. కన్నప్ప కథ వాళ్ళకు సినిమాలో కన్నా అక్కడ బాగా అర్థమవుతుంది.

ఇంట్లో పూజ దగ్గర ఎవరైనా మీరు చేసినట్టు చేయకపోతే, దీపం కుడివైపు కాక ఎడమవైపు పెడితే, మంత్రం తప్పు చదివితే, కడిగెయ్యడానికి చెయ్యి లేచే ముందు ఒక్క రోజు చాటున ఉండి చూడండి. శివుడు పూజారికి చెప్పింది అంతే కదా.

ఆ కాళహస్తీశ్వరుడు, మన నల్లమల లింగమయ్య మీ ఇంటిల్లిపాదినీ చల్లగా చూడాలని కోరుకుంటూ...

హర హర మహాదేవ శంభో శంకర!